నీళ్లు పోయడమూ ఒక విద్యే

మా రోజుల్లో నర్సరీ పనికి వచ్చిన కుర్రాడికి ముందుగా నేర్పేది అంటు కట్టడం కాదు, నీళ్లు పోయడం. అంటుకత్తి చేతికి రావాలంటే అంతకు ముందు ఎండల్లోనూ వానల్లోనూ నీళ్ల డబ్బా మోసి, ఏ మొక్క ఎప్పుడు నీళ్లడుగుతుందో, ఎప్పుడు వద్దంటుందో తెలుసుకుని ఉండాలి. కడియం, కడియపులంక తోటల్లో పని నేర్చిన మా తరం వాళ్లందరిదీ ఇదే చదువు. మేస్త్రిగారు మా వెనకాలే నడిచి వచ్చి, నీళ్లు పోసిన కుండీలో వేలు గుచ్చి చూసేవారు. పైన తడిసి లోపల పొడిగా ఉందంటే, "ఒరేయ్, మొక్కకి మొహం కడిగావు గానీ దాహం తీర్చలేదురా" అనేవారు. ఇక మొదటి వరస నుంచి మళ్లీ పోసుకుంటూ రావాల్సిందే.

ఇప్పుడు అలా వెనకాల నడిచి వచ్చేవాళ్లు ఎవరూ లేరు. హైదరాబాదులో మా అబ్బాయి ఉండే వీధిలో మేడ మేడకీ తోట ఉంది. అది నాకు ఎంతో సంతోషం. ఇరుకు ఇళ్లలో ఉండి కూడా వంగా, టమాటా, బెండా, తీగ బచ్చలీ పండించుకోవాలన్న ఆశ ఈ తరానికి కలగడం చిన్న సంగతి కాదు. కానీ ఆ మేడల మీద నీళ్లు పోసే తీరు చూస్తుంటే మాత్రం నా ప్రాణం ఉసూరుమంటుంది. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ట్యూబు. ఒక్కో సంచి మీదా పైపైన నాలుగు చుక్కలు తిప్పేసి, అయిపోయిందని దిగిపోతారు. వారం తిరిగేసరికి మొక్క వాడుతుంది. అప్పుడు తప్పు ఎండదంటారు, విత్తనానిదంటారు, చివరికి సంచిదంటారు. పోసిన చేతి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

ఆ సంచుల సంగతి ముందు చెప్పుకోవాలి. గ్రో బ్యాగులంటే అన్నీ ఒకటే అనుకుంటున్నారు. ఆకుపచ్చ రంగులో, టార్పాలిన్ నేతలో ఉండేది హెచ్‌డీపీఈ సంచి. దాని పక్కల నుంచి గాలి ఆడదు, నీరు ఊరదు. అడుగున వేసిన చిల్లుల్లోంచే మిగులు నీరు పోవాలి. రెండోది నల్లగానో బూడిద రంగులోనో ఉండే దళసరి గుడ్డ సంచి, జియో ఫ్యాబ్రిక్ అని అమ్ముతున్నారు. పేరుకు గుడ్డ గానీ అది నూలు కాదు, జనపనార కాదు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పోగుల్ని నేయకుండా సూదులతో గుచ్చి గుచ్చి అట్టకట్టించి తయారు చేస్తారు. జీఎస్‌ఎం అని రాసి ఉండే అంకె చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్తుంది. అంకె పెరిగేకొద్దీ గుడ్డ దళసరి. దీనికి అడుగున చిల్లులు అక్కర్లేదు, ఒళ్లంతా సన్నని రంధ్రాలే. ఈ రెండు రకాల సంచుల్లోనూ నీటి లెక్క వేరువేరు. కొనేవాడికి ఆ తేడా చెప్పేవాడు లేడు, కొన్నవాడు అడగడు.

గుడ్డ సంచిని నేను తక్కువ చేయను. వేరుకి అది నిజంగా మేలు చేస్తుంది. నల్ల పాలిథిన్ కవరులోనో, నున్నటి ప్లాస్టిక్ కుండీలోనో పెరిగిన మొక్క వేరు గోడకి తగలగానే పక్కకి తిరుగుతుంది. అక్కడి నుంచి గోడ వెంబడే గుండ్రంగా చుట్టుకుంటూ పోతుంది. ఆ చుట్టలు విప్పకుండా నేలలో నాటితే చెట్టు పెరుగుతుంది గానీ వేరు చాలాచోట్ల ఆ చుట్టలోనే ఉండిపోతుంది. లావెక్కేకొద్దీ తన కాండాన్నే తాను బిగిస్తుంది, పెద్ద గాలివానకి చెట్టు ఒరిగిపోతుంది. మా కోస్తాలో తుపానుకి కూలిన చెట్ల మొదళ్లు కొన్ని తిరగేసి చూస్తే కవరు ఆకారం ఇంకా చెరగకుండా కనపడుతుంది. గుడ్డ సంచిలో అలా జరగదు. వేరు కొన గుడ్డ దాకా వచ్చి, గాలి తగిలి, ఆరిపోయి, అక్కడితో ఆగుతుంది. ఆ వెనకాల నుంచి పిల్లవేళ్లు పుడతాయి. అలా సంచి నిండా సన్నవేళ్లు అల్లుకుంటాయి. అమెరికాలో ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన కార్ల్ విట్‌కూంబ్ అనే ఉద్యాన శాస్త్రవేత్త అడుగు లేని పాల డబ్బాల్లో మొలకలు పెంచి, గాలికి వేరు కొన ఆగిపోవడం మీద చాలా పని చేశారు. ఇప్పటి సంచుల వెనక ఉన్నది అలాంటి చదువే.

అయితే గాలి ఆడాలంటే సంచి చుట్టూ ఖాళీ ఉండాలి. గోడకి ఆనించి, ఒకదాన్నొకటి ఒరుసుకునేలా పేర్చేస్తే గాలి ఎక్కడ నుంచి వస్తుంది? అడుగున రెండు ఇటుకలు పెట్టకుండా నేరుగా శ్లాబు మీద దించేస్తే అడుగు ఎప్పుడూ చిత్తడిగానే ఉంటుంది, ఎండాకాలం ఆ శ్లాబు వేడి వేళ్లకి తగులుతుంది. పెరట్లో మట్టి మీద పెడితే గుడ్డలోంచి వేళ్లు నేలలోకి దిగిపోతాయి, తర్వాత సంచి ఎత్తినప్పుడు అవన్నీ తెగుతాయి. ఈ మూడూ నేను రోజూ చూస్తున్నవే.

ఇక నీళ్ల సంగతి. గుడ్డ సంచి త్వరగా ఆరిపోతుందని అందరూ అంటారు. ఎంత త్వరగా, ఎందుకు అని అడిగితే చెప్పరు. లెక్క తేలికే. పన్నెండు అంగుళాల వెడల్పు, పన్నెండు అంగుళాల ఎత్తు ఉన్న గుండ్రటి సంచిలో దాదాపు 22 లీటర్ల మట్టి పడుతుంది. దాని పైభాగం వైశాల్యం సుమారు 113 చదరపు అంగుళాలు. చుట్టూ ఉన్న గుడ్డ వైశాల్యం సుమారు 452. అంటే పైన ఒక వంతు ఆరితే పక్కల నుంచి నాలుగు వంతులు ఆరడానికి చోటుంది. ప్లాస్టిక్ కుండీలో ఆ నాలుగు వంతులూ మూసి ఉంటాయి. అందుకని ప్లాస్టిక్ కుండీకి పోసినట్టే గుడ్డ సంచికీ పోస్తానంటే కుదరదు. అలా ఆరడంలోనే మేలు కూడా ఉంది. పక్కల నుంచి నీరు ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని తీసుకుపోతుంది, వేరు చల్లగా ఉంటుంది. మట్టికుండలో మంచినీళ్లు చల్లబడేది అలాగే కదా.

మా మట్టి కుండీలు చేసిన పనీ ఇదే. కాల్చిన మట్టి గోడలోంచి చెమ్మ బయటికి ఊరేది, వేరుకి గాలి ఆడేది. కొత్త కుండీ తెస్తే ముందు తొట్టిలో ముంచి నానబెట్టేవాళ్లం. లేకపోతే ఆ పొడి కుండీ మొక్కకి పోసిన నీరంతా తానే తాగేస్తుంది. అడుగు చిల్లు మీద పెంకు ముక్క బోర్లించి, దాని మీద ఇసక, ఆపైన మట్టి. ఇంతా చేసి, అంచు నుంచి బొటనవేలి పొడుగు ఖాళీ వదిలేవాళ్లం, నీళ్లు నిలిచి నెమ్మదిగా ఇంకడానికి. ఇప్పుడు సంచి నోటి దాకా మట్టి దట్టించేస్తున్నారు. నీళ్లు పోస్తే అంచు మీంచి పొర్లి శ్లాబు మీదకి పోతాయి, మొక్క మొదట్లో మాత్రం పొడి. ఎరువుకి డబ్బు పెడతారు గానీ నీరు నిలవడానికి రెండంగుళాల చోటు వదలరు.

మా ఎదురు మేడ మీద కుర్రాడొకడు, మంచివాడే, ఓ రోజు వచ్చి, "తాతగారూ, రోజూ పోస్తూనే ఉన్నానండీ, అయినా వంగమొక్క మధ్యాహ్నానికి తల వేలాడేస్తోంది" అన్నాడు. వెళ్లి చూశాను. అతను పోయగానే సంచి పక్కల నుంచి నీళ్లు కారుతున్నాయి. అది చూసి లోపలంతా తడిసిందని అతని నమ్మకం. పక్కన మట్టి కొంచెం తవ్వి చూపిస్తే లోపల బూడిదలా ఎండి ఉంది. అది ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలిపిన తేలికపాటి మట్టి. అలాంటిది ఒకసారి బాగా ఎండిందంటే ముడుచుకుని గుడ్డ నుంచి విడివడుతుంది. పోసిన నీరు ఆ సందులోంచి జారి, పక్క గుడ్డలోంచి బయటికి వచ్చేస్తుంది. నీళ్లు కారడం వేరు, మట్టి తడవడం వేరు. మా మేస్త్రిగారు వేలు గుచ్చి చూసింది ఇందుకే.

అలా ఎండిన సంచికి ఒక్కసారిగా బకెట్ కుమ్మరించినా లాభం లేదు. మొదట కొద్దిగా పోసి మట్టిని మెత్తబడనివ్వాలి. వరస చివరిదాకా వెళ్లి వచ్చి రెండోసారి పోయాలి. అప్పుడు తాగుతుంది. మూడోసారికి అడుగు నుంచి చుక్కలు రాలితే చాలు, ఆపేయాలి. మరీ ఎండిపోతే చిన్న సంచిని ఒక తొట్టిలో నాలుగంగుళాల నీళ్లలో కూచోబెట్టాలి. గుడ్డ కింద నుంచి నీటిని పీలుస్తుంది, పైమట్టి చెమ్మగిల్లేదాకా ఉంచి తీసేయాలి. కింద పళ్లెం పెట్టి ఎప్పుడూ నీళ్లు నిలవ ఉంచుతామనేవాళ్లకి చెప్తున్నాను: అడుగు వేళ్లు కుళ్లుతాయి, దోమలు పెరుగుతాయి. దోమ గుడ్డు పిల్లై ఎగరడానికి వారం, పది రోజులు చాలు. మీ మొక్క కోసం వీధికి డెంగీ తేకండి.

ఎప్పుడు పోయాలన్నదానికీ గడియారం చూస్తున్నారు ఇప్పుడు. డ్రిప్పుకి టైమర్ పెట్టి ఊరెళ్లిపోతారు. డ్రిప్పు మంచిదే, అనంతపురం లాంటి చోట రైతుకి అది ప్రాణాధారం. కానీ కొబ్బరి పొట్టు ఎక్కువున్న వదులు మట్టిలో ఒక్క డ్రిప్పరు పెడితే నీరు పక్కలకి పాకకుండా తిన్నగా కిందికి దిగుతుంది. ఒక వైపు చిత్తడి, రెండో వైపు బెట్ట. పెద్ద సంచికి రెండు మూడు చోట్ల చుక్క పడేలా చూసుకోవాలి. ఇక టైమర్‌కి ముసురు తెలీదు, వడగాలి తెలీదు. వాన కురుస్తుంటే కూడా పోస్తుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో కాపు మీదున్న టమాటా మొక్క రెండు పూటలా నీళ్లడుగుతుంది. అదే మొక్క శ్రావణం ముసురులో రోజుల తరబడి ఏమీ అడగదు. ఆ సంగతి వేలికి తెలుస్తుంది. రెండో కణుపు దాకా వేలు దించి చూడండి. లేదా సంచి పిడి పట్టుకుని ఒక పక్క కొంచెం ఎత్తండి. నిండా తాగిన 22 లీటర్ల సంచి మొక్కతో కలిపి పాతిక కిలోల దాకా తూగుతుంది, ఎండినది చేతికే తేలికగా తెలిసిపోతుంది. మా రోజుల్లో కుండీని కణుపులతో కొట్టి చప్పుడు వినేవాళ్లం. ఖంగుమంటే ఎండిందని, మందంగా మోగితే తడుందని. గుడ్డ సంచి మోగదు గనక బరువు చూసి తెలుసుకోవాలి. చూసే పద్ధతి మారినా చూడటం మానకూడదు.

పొద్దున్నే పోయండి. సాయంత్రం పోస్తే తప్పు కాదు, కానీ ఆకులు తడిపి రాత్రంతా తడిగా వదిలేస్తే తెగుళ్లు వస్తాయి. మొదట్లో పోయండి, ఆకు మీద కాదు. పైన ఎండుటాకులో వరిగడ్డో రెండంగుళాలు పరచండి. మా తోటల్లో ఊడ్చిన ఆకు ఒక్కటి బయటికి పోయేది కాదు, అన్నీ మొదళ్లలోకే. ఇప్పుడు అపార్టుమెంటు వాళ్లు ఎండుటాకుల్ని ప్లాస్టిక్ సంచుల్లో కట్టి చెత్తబండికిచ్చి, అదే వారం మల్చింగ్ షీటు కొనుక్కొస్తున్నారు. ఇది చూసి బాధపడకుండా ఎలా ఉండటం?

ఇంకొకటి. నగరంలో చాలా ఇళ్లకి బోరు నీళ్లే గతి, అవి ఉప్పునీళ్లు. గుడ్డ సంచిలో నీరు ఆవిరయ్యేది గుడ్డ దగ్గర గనక ఉప్పు అక్కడే పేరుకుని, పక్కల తెల్లటి పొర కడుతుంది. సంచి పాతబడిందని అనుకోకండి. లోపల మట్టిలోనూ ఉప్పు పెరుగుతోందని అర్థం. అప్పుడప్పుడూ, వీలైతే పట్టి ఉంచిన వాననీటితో, అడుగు నుంచి ధారగా పోయేదాకా పోసి ఆ ఉప్పు కడగాలి. కొబ్బరి పొట్టునీ ముందే నానబెట్టి, పిండి, కడిగి వాడాలి. కడగని పొట్టులోనే ఉప్పు ఉంటుంది. కోనసీమ దగ్గర పుట్టి పెరిగినవాణ్ణి, కొబ్బరి పొట్టు మంచీ చెడూ నాకు బాగా తెలుసు.

ఇప్పుడు నాటు మార్చడం సంగతి. ఇందులో ఈ తరం తొందర నన్ను ఇంకా బాధపెడుతుంది. మా రోజుల్లో ఈ పని ఎలా జరిగేదో ముందు చెప్తాను.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మా సీమకి కాలువ నీళ్లు నిలకడగా వచ్చాయి. గోదావరి తెచ్చిన ఒండ్రు మట్టి ఎలాగూ ఉంది. ఆ మట్టి గుణం ఏమిటంటే, పదునుగా ఉన్నప్పుడు పట్టుకుంటే విడవదు. మొక్కని మడిలోంచి తీసేటప్పుడు ముందురోజు తడి పెట్టి, మర్నాడు చుట్టూ పారతో కోసి, అడుగు నుంచి లేపితే వేరు చుట్టూ మట్టిగడ్డ ముద్దలా వచ్చేది. దాన్ని గడ్డితోనో గోనెపట్టాతోనో చుట్టి, తాడుతో బిగించేవాళ్లం. ఆ మొక్క లారీ ఎక్కి ఎంత దూరం పోయినా గడ్డ చెదిరేది కాదు. మొక్కని పట్టుకోవలసింది గడ్డ దగ్గరే. కాండం పట్టి ఎత్తినవాణ్ణి ఆ రోజుకి పనిలోంచి దింపేసేవారు. నాటేటప్పుడు తాడు కోసి, గోనె కిందికి జారిస్తే చాలు. అడుగున మిగిలిన ముక్క మట్టిలో కుళ్లి మట్టైపోయేది.

ఇప్పటి సంచిలో మట్టి అలా అంటుకోదు. మేడ మీద బరువు తగ్గాలని తేలికపాటి మట్టి వాడతారు, అది సబబే. కానీ అది తేలికగా రాలిపోతుంది. దానికి తోడు సన్నవేళ్లు గుడ్డలోకి దూరి పట్టుకుని ఉంటాయి. కుండీని బోర్లించి కొట్టినట్టు ఈ సంచిని బోర్లిస్తే మొక్క రాదు. అప్పుడేం చేస్తారు? కాండం పట్టి లాగుతారు. మా కాలనీ పార్కులో ఓ ఆదివారం నిమ్మమొక్క నాటడానికి ఇద్దరు మనుషులు అలాగే లాగారు. మొక్క చేతికొచ్చింది, మట్టి సంచిలోనే మిగిలింది, పిల్లవేళ్లన్నీ గుడ్డకే ఉండిపోయాయి. నీళ్లు తాగేది ఆ పిల్లవేళ్లే. లావు వేరు చెట్టుని నిలబెడుతుంది, దాహం తీర్చేది సన్నవేరు. అవి పోయాక ఎన్ని నీళ్లు పోసినా తాగే నోరేది? ఆ మొక్క నెల తిరక్కుండా ఎండిపోయింది.

సంచిని కోసేయండి. మొక్క కంటే సంచి ఎక్కువేం కాదు. నాటడానికి ముందురోజు నీళ్లు పోసి, మర్నాటికి మట్టి పదునుకి వచ్చాక, సంచిని గుంట పక్కనే పెట్టి, పై నుంచి కింది దాకా రెండు వైపులా పదునైన కత్తితో కోయండి. గుడ్డని నెమ్మదిగా వేళ్ల మీంచి ఒలవండి. పట్టుకున్న చోట గట్టిగా గుంజకుండా ఆ వేరుని కత్తెరతో కత్తిరించండి. చివర నీటుగా తెగిన వేరు మళ్లీ పిలకలేస్తుంది, చీలిన వేరు కుళ్లుతుంది. సంచి మళ్లీ కావాలంటే పక్కన వెల్‌క్రో పట్టీతో తెరుచుకునే రకం ముందే కొనుక్కోండి. ఎత్తేటప్పుడు అడుగున అట్టముక్కో పీటో పెట్టి ఇద్దరు పట్టుకోండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. గుడ్డే కదా, మట్టిలో కలిసిపోతుందని సంచితో సహా పాతేస్తున్నారు. అది కలవదు, అది ప్లాస్టిక్. మా గోనె కుళ్లింది గనక ఇదీ కుళ్లుతుందని లెక్క వేయకండి. సన్నవేరు గుడ్డ దాటినా, లావెక్కాక ఆ గుడ్డే దాన్ని బిగిస్తుంది. ఎండలో కొన్నేళ్లున్న సంచి పెళుసెక్కి పోగులుగా రాలిపోతుంది కూడా, ఆ పోగులు మట్టిలోనే ఉండిపోతాయి. సంచి చిరగడం మొదలైతే తీసి పారేయండి, పోగులు మీ కూరమడిలో రాలనివ్వకండి.

గుంట సంగతీ అంతే. మామిడికి మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు గుంటలు ఎండాకాలంలోనే తవ్వి, ఎండబెట్టి, పైమట్టీ పశువుల ఎరువూ కలిపి పూడ్చి, తొలకరి పడి ఆ మట్టి కుంగాక నాటేవాళ్లం. మృగశిర దాకా ఓపిక పట్టేవాళ్లం. ఇప్పుడు పుట్టినరోజుకి నాటతారు, ఫొటోకి నాటతారు. ఏప్రిల్ నెల మిట్టమధ్యాహ్నం నాటి, చేతులు దులుపుకుని వెళ్లిపోతారు. మొక్క పుట్టినరోజు చూసి వేరూనుకోదు, చల్లటి పూట కావాలి. సాయంత్రం నాటితే రాత్రంతా తేరుకోవడానికి దానికి సమయం దొరుకుతుంది.

సంచిలో మట్టి ఎంత ఎత్తుకుందో నేలలోనూ అంతే ఎత్తులో ఉండాలి. మొదలు లోపలికి పోతే బెరడు కుళ్లుతుంది. అంటు మొక్కైతే కట్టిన చోటు మట్టికి పైనే కనపడాలి. నల్లరేగడిలో గుంట గోడలు పార దెబ్బకి నున్నగా తేలి ఉంటాయి, వేరు అందులోకి దూరదు; బొరిగతో గీకి గరుకు చేయండి. ఆ నేలలో వాననీరు గుంటలోనే నిలుస్తుంది గనక మొక్కని కొంచెం మెరక చేసి నాటండి. ఊతకర్ర గాలి వచ్చే వైపు పాతి, వదులుగా కట్టండి.

నాటాక చాలామంది తెలుసుకోని సంగతి ఒకటుంది. చుట్టూ ఉన్న నేల తడిగా ఉన్నా, సంచిలోంచి వచ్చిన తేలిక మట్టిముద్ద ముందే ఆరిపోతుంది. వేళ్లన్నీ ఇంకా ఆ ముద్దలోనే ఉన్నాయి. దూరంగా గట్టు కట్టి పాదు నిండా నీళ్లు పెట్టి, నేల తడిసింది కదా అనుకుంటే మొక్క నీళ్ల మధ్యే ఎండిపోతుంది. కొత్తవేళ్లు నేలలోకి దిగేదాకా, మొదటి కొన్ని వారాలు, నేరుగా మొదట్లోనే, ఆ ముద్ద తడిసేలా పోయాలి. తర్వాత కొద్దికొద్దిగా పాదు వెడల్పు చేసుకుంటూ నీటిని దూరం జరపాలి. వేరు నీటి వెంట నడుస్తుంది. నారు నాటినప్పుడూ మా పెద్దలు ఇదే చేశారు: నాటగానే ఒక తడి, మూడోనాడు జీవతడి. పేరులోనే ప్రాణం ఉన్న ఆ తడి ఎగ్గొట్టినవాడు మడిలో సందులు నాటుకునేవాడు.

నారు తీయడానికీ ఒక పద్ధతి ఉండేది. టమాటా, వంగ నారు నెల లోపు, మిరప నారు ఇంకో వారం పది రోజులు ఆగి తీసేవాళ్లం. తీసే ముందు మడి తడిపి, తీశాక తడిగుడ్డ కప్పి, ఎండ తగ్గాక నాటడం. ఇప్పుడు ప్లాస్టిక్ ట్రేల్లో, గడి గడికీ వేరుముద్దతో నారు వస్తోంది. అది నిజంగా మంచి మార్పు, వేరు తెగదు. కానీ ఆ ట్రే కొనుక్కొచ్చి మేడ మీద ఎండలో రెండు రోజులు వదిలేస్తే? గడిలో ఉన్నది గుప్పెడు పొట్టు కూడా కాదు, పూట ఆలస్యమైనా ఎండిపోతుంది. వస్తువు ఎంత బాగుపడినా చేయవలసిన పని చేయవలసిన వేళ చేయాల్సిందే.

నా ఫిర్యాదంతా ఇదే. సంచి మీద నాకు కోపం లేదు. అది మా మట్టి కుండీ కంటే తేలిక, పగలదు, వేరుకి అంతకంటే మేలు. కానీ మంచి సాధనం ఎక్కువ శ్రద్ధ అడుగుతుంది, తక్కువ కాదు. గాలి ఆడే సంచి కాబట్టే అది త్వరగా ఆరుతుంది. సన్నవేళ్లు దట్టంగా అల్లుకునే సంచి కాబట్టే మొక్కని తీసేటప్పుడు ఓపిక కావాలి. దాని గొప్పతనం కొనుక్కుని, దానికి చేయాల్సిన పని మాత్రం చేయం అంటే ఎలా? మాకు నేర్పినవాళ్లు పుస్తకం చూపించలేదు, పక్కన నిలబడి చేయించారు. ఇప్పుడు పక్కన నిలబడే తీరిక ఎవరికీ లేదు, నిలబడగలిగిన మా వయసువాళ్లని అడిగేవాళ్లూ తక్కువే. మీ ఇంట్లో ఒక తాతయ్యో నాయనమ్మో చేను చూసినవాళ్లుంటే, ఓసారి మేడ మీదకి తీసుకెళ్లండి. వాళ్లు గుడ్డ సంచి పేరు ఎరగకపోవచ్చు, మట్టి ముట్టుకుంటే దాహం సంగతి చెప్పగలరు.

ఈ మృగశిరకి సంచిలోంచి నేలలోకి మార్చే మొక్క మీ ఇంట్లో ఉంటే సంచి కోసి, గుడ్డ పూర్తిగా తీసేసి, సాయంత్రం పూట నాటండి. కొన్ని వారాల పాటు రోజూ మొదట్లో వేలు పెట్టి చూసి నీళ్లు పోయండి. అంత తీరిక లేదనుకుంటే ఇంకో ఏడాది సంచిలోనే ఉంచండి. చంపుకోవడానికి మాత్రం నాటకండి.